నాలుగో కొస

బర్తాంగ్ లోయలో
కొండకీ నదికీ మధ్య
దుప్పటంత నేల మాది.
సగం రాళ్లు. మిగతా సగం ఈ మల్బరీ.

వాగు ఒడ్డున మొలిచిన మొక్కని తెచ్చి నాటిన ఏడు
మేక వచ్చి బెరడు ఒలుచుకు తింది.
మా అత్త జరీఫ్‌మో పాత కంబళి చింపి
మొదలుకి చుట్టింది,
జలుబు చేసిన పిల్లాడి మెడకి చుట్టినట్టు.
"బతికితే బతికింది" అని లోపలికెళ్లి
రాత్రి మూడుసార్లు లేచి చూసింది.

ఆరేళ్లు ఆకులే.
ఏడో ఏడు కాసింది:
పిట్టలు కూడా మొహం తిప్పుకునే పులుపు.
అప్పుడు పై ఊరి ఖుష్‌నజర్ వచ్చాడు
తడిగుడ్డలో తెల్లమల్బరీ రెమ్మ చుట్టుకుని.
రెమ్మని మెల్లగా మెలిపెట్టి
బెరడుని గొట్టంలా ఊడదీసి
మా కొమ్మకి గాజులా తొడిగాడు.
సబ్బూ నూనే అక్కర్లేకుండా
చెట్టు పాలతోనే జారింది.
"బిగుతైతే చిట్లుతుంది, వదులైతే ఎండుతుంది.
ఇక మీ పని" అని
టీ తాగి వెళ్లాడు.

మా పనంటే నీళ్లు.
కాలువలో మా వంతు బుధవారం, చుక్కలు పొడిచాక.
ఆ వేసవి దౌలత్‌మో
తన బంగాళాదుంపలకి మడవ తిప్పుకుంది.
పార పట్టుకుని వెళ్లాను. ఏమేమో అన్నాను.
ఆమె ఇంకా ఎక్కువ అంది.
మూడేళ్లు మాటల్లేవు, నడుమెత్తు గోడకి ఇటూ అటూ.
చెట్టు మాత్రం ఆమె వైపే ఎక్కువ వంగింది,
మేం పోసిన నీళ్లు తాగి!

మల్బరీని కోయకూడదు, దులపాలి.
కింద దుప్పటి పట్టాలి: నాలుగు కొసలు, నలుగురు మనుషులు.
నేల తాకిన పండుకి ఇసుక అంటుతుంది.
చలికాలం పిండి చేసుకు తిన్నప్పుడు
ఆ ఇసుక పళ్లకి గుర్తొస్తుంది.

ఈ ఏడు అత్త లేదు.
అనోరా చెట్టెక్కింది.
కింద నేను, మా ఆయన, మరిది.
నాలుగో కొసని గోడరాయికి కట్టాం.
మొదటి ఊపుకే రాయి జారింది.
తేనెరంగు పళ్లన్నీ మట్టిలో.

గోడ అవతల నుంచి ఒక చెయ్యి,
ముంజేతిదాకా పిండి.
కొసని వేళ్లకి రెండు చుట్లు తిప్పి బిగించింది.
"ఊపవే పిల్లా" అంది
పైకి చూసి. నా వైపు కాదు.

దుప్పటి బరువెక్కింది.
నలుగురం ఒక్కసారే ముందుకి వంగాం.

సాయంత్రం ఒక బుట్టెడు గోడ మీద పెట్టాను.
బుట్ట తిరిగొచ్చింది, అడుగున రొట్టెతో.
"నీళ్ల సంగతి వేరు" అంది అవతల నుంచి.
"వేరే" అన్నాను.

బుధవారం, చుక్కలు పొడిచాక,
పార ఒళ్లో పెట్టుకుని
మడవ దగ్గర కాపలా కూర్చున్నాను,
ఆ రొట్టే తింటూ.