దుంపల సెలవుల తర్వాత

కూర్చోండి. కిటికీ పక్క బల్ల ఊగుతుంది.
దాని కాలికింద మడిచిపెట్టిన కాగితం తీయకండి,
అది పోయినేటి వ్యాసం ఎవరిదో.

మూడు వారాలు పొలాల్లో దుంపలేరి వచ్చారు.
మెయిన్ రాష్ట్రపు ఈ పైకొసన
బడి కూడా పంటకి పక్కకి తప్పుకుంటుంది.
మీ గోళ్ళలో మట్టి ఇంకా వదల్లేదు, కనిపిస్తోంది.
కడుక్కురమ్మనను.
ఏడో తరగతి ఇంగ్లీషుకి దాంతోనే పని.

ఏముంటుంది ఈ క్లాసులో అని
అన్నల్నీ అక్కల్నీ అడిగే ఉంటారు.
మిసెస్ వెలెట్‌కి కామాల పిచ్చి అని చెప్పే ఉంటారు. నిజమే.
కామా అంటే, బెల్టు మీద దుంపల మధ్య
రాయి కనబడి చెయ్యి ఒక్క క్షణం ఆగడం.
బెల్టు ఆగదు. చెయ్యి ఆగుతుంది. అంతే.
ఫుల్‌స్టాప్ అంటే మిట్టమధ్యాహ్నం ఇంజను ఆపాక
చెవుల్లో ఇంకా మోగేది.

సోమవారం సోమవారం పన్నెండు కొత్త మాటలు.
అట్టముక్కల మీద రాసి జేబులో వేసుకోండి.
జేబుతోసహా ఉతికేస్తారని తెలుసు.
ప్రతి ఏడూ ఎవరో ఒకరి ప్యాంటులోంచి
'సందిగ్ధం' తడిసి ముద్దై బయటికొస్తుంది.

రోజూ పావుగంట మౌనంగా చదవాలి, ఏదైనా సరే.
ట్రాక్టరు విడిభాగాల క్యాటలాగు తెచ్చుకున్నా కాదనను.
ఓడెట్, నిరుడు మీ అక్క అదే తెచ్చింది.
ఒక బోల్టు పేరు దగ్గర ఎందుకంత నవ్విందో
ఇప్పటికీ చెప్పలేదు.

కథలో దొంగని వెనకేసుకొస్తూ ఒక పేజీ రాస్తారు.
మర్నాడు అదే దొంగని జైల్లో వెయ్యమని ఇంకో పేజీ.
రెండూ మీ చేతిరాతే అని చూసి
కొంచెం భయపడతారు. పర్లేదు.
మీ మెమేర్ వంటింట్లో ఫ్రెంచిలో అన్న మాట
ఇంగ్లీషులో ఒదక్కపోతే అలాగే ఉంచండి,
కింద గీత గీస్తే చాలు, ఆవిడని నేనెరుగుదును.

'ఎందుకు?' అని మార్జిన్లో రాస్తాను.
'ఎలా తెలుసు?' అని రాస్తాను.
'ఇంకాస్త చెప్పు' అని రాస్తాను.
ఈ మూడోది రాయబోతే ఈ మధ్య చెయ్యి వెనక్కి లాగుతోంది.

నిరుడు ఆ మూడో వరసలో రెజిస్ సీర్ అని ఒక పిల్లాడు.
బాగా తెలిసినదాని గురించి ఒక పేరా రాయమంటే
ఒకే వాక్యం ఇచ్చాడు:
నాన్న ట్రక్కు అమ్మేశాడు.
కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది. తప్పు లేదు.
ఎర్రసిరాతో రాశాను, ఇంకాస్త చెప్పు. ఇరవైకి ఆరు.

మర్నాడు అదే కాగితం తెచ్చాడు.
నా ఎర్రక్షరాల కింద, మొద్దు పెన్సిల్‌తో:
కొన్నాయన తాళాలు తీసుకున్నాక
నాన్నా నేనూ ఇంటిదాకా నడిచాం.
డాష్‌బోర్డు అరలో నా చేతితొడుగు ఒకటి ఉండిపోయింది.
రెండోది జేబులో ఉంది.
అడగలేదు.

గంట కొట్టారు. పిల్లలు వెళ్ళారు. నేను లేవలేదు.
మార్కులు దిద్దాను గానీ ఎన్నో చెప్పను,
అది వాడికీ నాకూ మధ్య.

కాబట్టి ఇదీ ఉంటుంది ఈ క్లాసులో:
ఒక్కోసారి మీరు రాసింది చదివి
నాకు రాయడానికేమీ ఉండదు.
ఖాళీ మార్జిన్ చూసి టీచర్ చదవలేదనుకోకండి.
ఒక్కోసారి నిజంగానే చదివుండను,
నూటపది మంది మీరు,
ఆదివారం రాత్రి నిద్రపోవడం కూడా క్రియే.

సరే. తేదీ వెయ్యండి. పేరు ఎడమవైపు.
తియొఫిల్, ఆ బబుల్‌గమ్ కాగితంలో చుట్టి పారెయ్.
ఈ మూడు వారాల్లో చేత్తో పట్టుకున్న
ఒక్క వస్తువు గురించి రాయండి.
దుంప అని ఒక్క మాట రాసిచ్చినా తీసుకుంటాను.
ఏ దుంప, అని మాత్రం అడుగుతాను.