రెండో పుస్తకం

మంగళవారం. బెథెస్డా వాలులో
వాన తుడుచుకుంటూ లైబ్రరీ వ్యాను ఆగింది.
పద్నాలుగు నెలలు. వేళ్ళు చాలక
నెరిస్ క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంది.

మొదటి పుస్తకంలో
ఆ డ్రాగన్ పొగ గుప్పిట్లో పట్టేది.
లౌరి, తనూ ఒకే దుప్పటి కింద
ఒకే టార్చి వెలుగులో,
"నువ్వు తిప్పు."
"ఆగు, నాకింకా అవలేదు."
పేజీకో పోట్లాట.

ఇందులో అది గొర్రెల కొట్టంలో పట్టదు.
రెక్క విదిలిస్తే పలకరాళ్ళ కప్పు లేచిపోతుంది.
పెంచిన పిల్ల పేరుపెట్టి పిలిస్తే
తల తిప్పదు.
తప్పెవరిదో రాసినావిడ చెప్పదు.
రెండొందల పదకొండో పేజీ దాకా
మంచు, మంచు, మళ్ళీ మంచు.

కోపమొచ్చి మూసేసింది.
టీ చల్లారాక మళ్ళీ తెరిచింది.

లౌరి ఇప్పుడు బస్సులో వెనకసీటు,
పెద్దపిల్లల పక్కన.
ఎక్కడో కొత్త నవ్వొకటి నేర్చుకుంది.

తిరిగిచ్చే రోజు
అట్టలోపలి చీటీలో తర్వాతి పేరు:
లౌరి ప్రిచర్డ్.
చుక్క పెట్టాల్సిన చోట చిన్న సున్నా.
ఆ చేతిరాతే.

వ్యాను మెట్టు మీద నిలబడి
నెరిస్ పెన్సిలు అడిగింది.
రెండొందల పదకొండో పేజీ అంచున
కనీకనపడకుండా రాసింది:
ఇక్కడ ఆపకు.
నువ్వు తిప్పు.