పదహారు సార్లు

అచావో పురపాలక కార్యాలయంలో
మెట్ల కింద చీపుళ్ల గది ఖాళీ చేయించి
సర్వర్‌ని కాపురం పెట్టాం.
ఒక ఇనుప అర, రెండు ఫ్యాన్లు,
కరెంటు పోతే నలభై నిమిషాలు ఊపిరి బిగబట్టే బ్యాటరీ.
తలుపు సందులకి పడవలకు పూసే తారు పూశాం.
చిలోయేలో వాన ఋతువు కాదు,
అద్దె కట్టని మనిషి.

పన్నెండేళ్లు డోన్ బెలార్మీనో పడవలో తిరిగాను.
పడవ పేరు పోర్ఫియాదా, అంటే మొండిది.
మెఉలీన్‌లో ప్రింటర్ అలిగినా
చౌలినెక్‌లో ఎవరో పాస్‌వర్డ్ మరిచినా
మోకాళ్ల మధ్య స్క్రూడ్రైవర్ల సంచి,
పెదాల మీద ఉప్పు.
మీట ఒకసారి ఆపి మళ్లీ నొక్కడానికి
మూడు గంటల సముద్రం.

ఇక ఆ అవసరం లేదన్నారు.

పదకొండు దీవులు, పదకొండు బడులు,
డెబ్భై మూడు కంప్యూటర్లు.
కార్యాలయం అంకెలు వెయ్యమంది.
నేను మా అమ్మమ్మ మడిలోని
బంగాళాదుంపల పేర్లు పెట్టాను:
క్లవేలా, ముర్తా, మిచూన్యె, బ్రూహా...
యాభై ఒకటి దగ్గర నాకు పేర్లు అయిపోయాయి.
తక్కినవి బెలార్మీనో చెప్పాడు
తాడు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా.
తనకి పని లేకుండా చేసే జాబితా అని
తెలిసే చెప్పాడు.

కార్యదర్శి వచ్చి చూశాడు.
టీచర్ల తెరలు కూడా ఇక్కడికి కనిపిస్తాయా అన్నాడు.
కనిపిస్తాయి.
అవతల కూర్చున్న మనిషి సరేనని నొక్కితేనే కనిపించేలా
ఆ సాయంత్రమే బిగించేశాను.
అతను మళ్లీ అడగలేదు.
అడుగుతాడు.

నిద్రపోయే యంత్రాన్ని లేపడానికి
ఒక పద్ధతి ఉంది.
ముందు ఆరుసార్లు ఒకటే కేక, అర్థం లేనిది.
తర్వాత దాని పేరు
(నేను పెట్టింది కాదు, ఫ్యాక్టరీలో పుట్టినప్పటిది)
పదహారు సార్లు.
ఒక్కటి తగ్గినా కదలదు.
ఈ లెక్క రాసిన ఇంజనీరెవరో గానీ
బడికి వెళ్లనని ముసుగు తన్నే పిల్లలు
వాళ్లింట్లో ఉండే ఉంటారు.

రాత్రి రెండింటికి సర్వర్ పిలుస్తుంది.
సముద్రం అవతల ఖాళీ గదుల్లో
బల్లలు బోర్లించిన చీకట్లో
ఒక్కొక్కటే కళ్లు తెరుస్తాయి.
నా తెర మీద చుక్క తర్వాత చుక్క పచ్చబడుతుంది.
అప్పుడు మందులు పోస్తాను, పాతవి తీసేస్తాను,
మళ్లీ పడుకోబెడతాను.
పొద్దున పిల్లలకి ఏమీ తెలియదు.

అపియావోలో బ్రూహా మాత్రం లేవలేదు.
పదహారు. మళ్లీ పదహారు.
మూడో రాత్రికి
నా గొంతే పోయినట్టుంది.

పోర్ఫియాదా రేవులోనే ఉంది.
బెలార్మీనో ఎందుకని అడగలేదు.
నాకు కూర్చునే చోట తడి తుడిచాడు.

బడిలో ఎడిత్ లెపీఓ టీచరు
తలుపు సగమే తెరిచింది.
బ్రూహా ప్లగ్గు నేల మీద పడి ఉంది.
ఆ గోడ రంధ్రంలో ఒక దీపం,
దీపం కింద అట్టపెట్టె,
పెట్టెలో తల్లి చచ్చిన గొర్రెపిల్ల.
"రెండో ప్లగ్గు కాలిపోయింది నోల్ఫా.
నాలుగు రోజులు. ఐదు."

కాలిన ప్లగ్గు విప్పి మార్చవచ్చు, సంచిలో కొత్తది ఉంది.
మార్చాను కూడా.
కానీ గొర్రెపిల్ల అప్పుడే కళ్లు మూసింది,
దీపం కదిలించాలని ముగ్గురిలో ఎవరికీ అనిపించలేదు.
టీ తాగాం.
బ్రూహాని కొత్త రంధ్రానికి తగిలించేసరికి
బయట అల మారింది.

తిరుగు దారిలో సగం దూరం మాటల్లేవు.
తర్వాత బెలార్మీనో అన్నాడు,
ఇంకో దుంప గుర్తొచ్చిందని.
"ఆవునాలుక. పొడుగ్గా, గరుగ్గా ఉంటుంది.
మా అమ్మ వండనిచ్చేది కాదు,
విత్తనానికి దాచేది."

పేరు లేని కంప్యూటర్ ఒక్కటీ మిగల్లేదన్నాను.

రాత్రి మెట్ల కింద గదిలో
తారు వాసనలో కూర్చుని చూస్తే
సర్వర్‌కే పేరు లేదు.
ఖాళీ గడిలో టైపు చేశాను.
రెండయ్యేదాకా ఆగాను.