తప్పిన నెలలు

కడియపులంకలో నా పని కొమ్మల్ని ముంచడం.
గులాబీ కొమ్మని ఏటవాలుగా కోసి
కొసని తెల్లపొడిలో అద్ది
ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపిన సంచిలో గుచ్చడం.
చిటికెడైతే వేరొస్తుంది, ఎక్కువైతే కొమ్మ మాడుతుంది.
డబ్బా మీద హార్మోన్ అని రాసుంటుంది.
పాతికేళ్లుగా చూస్తున్నా
ఆ మాట మొక్కలదే అనుకున్నాను,
మొన్న రాజమండ్రిలో, చీకటిగదిలో
జెల్లు పూసిన నీ పొట్ట పక్కన నిలబడేదాకా.

ప్రవల్లికా,
ఆ తెర మీద నాకు కనిపించింది
ముసురుకి బిగుసుకుపోయిన మొగ్గల ట్రే.
అంచు చుట్టూరా చిన్నచిన్నవి,
ఒక్కటీ విచ్చుకోలేదు.
“లెక్కపెట్టకమ్మా” అన్నారు డాక్టరు హైమవతి గారు.
అప్పటికే పెట్టేశాను. పన్నెండు.
రోజూ లెక్కతోనే కదా నాకు కూలి.

“మీకూ ఉండేదా?” అని ఆవిడ అడిగితే
ఏమని చెప్పను?
నెల తప్పిందంటే ఊళ్లో నోరు తీపి చేస్తారు.
నాకు ఆరేళ్లు నెలలు ఊరికే తప్పేవి.
మొదట్లో మా అత్తగారు పంచదార డబ్బా దించేది,
తర్వాత దించడం మానేసింది.
పుష్కరాల ఏడు నిజంగా తప్పినప్పుడు
నేనే నమ్మలేదు.
బంతినారు గంపలు మోస్తూనే ఉన్నాను
ఐదో నెలలో నువ్వు లోపల కదిలేదాకా.

డాక్టరుగారు మందులచీటీ వెనక బొమ్మ గీశారు.
మగవాళ్లదనుకునే హార్మోన్
ఆడవాళ్లలోనూ కాస్త ఉంటుందట.
నా ఒంట్లో అది ఓ పాలు ఎక్కువైతే
కడుపులో ఉన్న నీదాకా దాని జాడ చేరి ఉండొచ్చట.
మాయ చాలామటుకు ఆపేస్తుందట, లాకు తలుపులాగా.
కాలవగట్టున పుట్టినదాన్ని,
లాకులు కారతాయని నాకొకరు చెప్పాలా?
అప్పుడే అల్లుకుంటున్న నీ మెదడుకి,
అప్పుడే గింజ కట్టుకుంటున్న నీ అండాశయానికి
ఆ వరస అలవాటై ఉండొచ్చట.
గొర్రెల్లో చూశారట, ఎలకల్లో చూశారట,
మనుషుల్లో ఇంకా తేలలేదట.
ఉండొచ్చు, అని ప్రతిసారీ ఆవిడ
పెన్ను ఆపి మరీ అన్నారు.
నేను మాత్రం బస్సు వేమగిరి దాటేసరికి
ఆ ఉండొచ్చుని ఉంది చేసేసుకున్నాను.

మా నాన్నది అంతర్వేది వైపు, ఉప్పుతేలే చేను.
మడిలో ఉప్పు తగిలిన నారు
నాటాక మంచినీళ్లు పెట్టినా
కొన్నాళ్లు అది మర్చిపోదనేవాడు.
ఆ వెంటనే ఇంకోటీ అనేవాడు:
“గుర్తుంటే ఉండనీయ్యే, పండేది పండుద్ది,
నువ్వు ముందు కలుపు తియ్యి.”
బస్సులో నాకు మొదటి మాటే గుర్తుంది.

ఇంటికొచ్చాక నువ్వు
గ్రూప్ టూ పుస్తకంలోంచి తలెత్తకుండా అన్నావు:
“నా గుడ్లు నీ కడుపులోనే తయారయ్యాయమ్మా.
నిన్నిచ్చిన గుడ్డు
అమ్మమ్మ పుట్టకముందే, వాళ్లమ్మ కడుపులో.
ఎంతమంది మీద పెడతావు కేసు?”

మా అమ్మ గడ్డానికి పసుపు
మెత్తినట్టు రాసుకునేది.
సోకులు పోతోందని నవ్వేవాళ్లం.
ఆవిడ కూడా నవ్వేది.
ఇన్ని తరాల ఆడాళ్లం, ఒకరికొకరం ఏం చెప్పుకున్నాం?
నెల తప్పడం అంటారు సరే,
అందులోకి తప్పుని ఎవరు తెచ్చి పెట్టారో.

సాయంత్రం లారీకి క్రోటన్లు ఎక్కించి వచ్చేసరికి
నువ్వు దారపుండ పట్టుకుని మెట్టు మీద కూర్చున్నావు.
“పార్లర్‌లో నూటయాభై” అన్నావు.
వేళ్ల సందుల్లో తెల్లపొడి ఇంకా పోలేదు,
చెంగుకి తుడుచుకుని
దారం ఒక కొస పళ్ల మధ్య బిగించాను.
ఇన్నేళ్లూ గడియ పెట్టుకుని
చేతద్దంలో చేసుకున్న పని
వీధిలో సైకిళ్లు పోతుండగా చేశాను.
నీ గడ్డం కింద, సరిగ్గా నాకున్న చోటే, రెండు.
నీళ్లు తిరిగాయి నీ కళ్లలో,
అది దారానికే అన్నావు.

తర్వాత దారం నీ చేతిలోకెళ్లింది.
నా గడ్డం పట్టుకుని లైటువైపు తిప్పావు,
నా అంతదానివి నన్ను చంటిదాన్ని చేసి.
“కదలకమ్మా,
ఇంకోటుంది.”