పదిహేడో నంబరు

షాపుల దొరికేదాన్ని ఎవడన్న కొంటడు.
నేను దాసేవి అమ్మకానికి రానివి.

తొంభై మూడుల పోచమ్మ మైదాన్ అవతల
ఒక బబుల్ గమ్ కంపెనీ ఉండె, చిలుక మార్క.
గమ్ముకొక బొమ్మకార్డు ఫ్రీ అనుకున్నరు.
క్రికెటోళ్ల బొమ్మలకు పైసలు చాలక
జిల్లా ఆడపిల్లల కబడ్డీ జట్లను ఎండల నిలబెట్టి
ఇరవై నాలుగు ఫొటోలు తీసిన్రు.
మండిబజార్ల ప్రెస్సు. మూడంటే మూడు ట్రయల్ షీట్లు.
ఓనరు వెలుతురుకు పట్టి చూసి
"ఆడోళ్ల బొమ్మకు పోరగాళ్లు గమ్ము కొంటరా" అన్నడట.
అంతే. ప్లేట్లు కడిగేసిన్రు.
కంపెనీ గూడ మల్ల ఎండాకాలం చూడలే.

ఈ ముచ్చట చెప్పింది కటింగ్ మిషన్ యాకూబ్‌పాషా.
ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లెవ్వు.
"షీట్లు పారేయ బుద్ధిగాలే బేటా,
కోసి అడిగినోళ్లకు ఇచ్చిన, అడగనోళ్లకూ ఇచ్చిన."

నీలం రంగు వెంట్రుకంత పక్కకు జరిగింది అచ్చుల.
అందుకే ఒక్కొక్క పిల్ల ఎనుక
ఇంకో నీలం పిల్ల నిలబడి ఉంటది,
కూతకు పోయే మనిషిని ఇడిచి
ఊపిరి ఆగిపోయిన జాగ లెక్క.
ఎనుకపక్క పేరు, ఊరు, ఎత్తు, ఇష్టమైన కూర.
ఇష్టమైన కూర!
యాకమ్మ, పర్వతగిరి, ఐదడుగుల రెండు, చింతచిగురు.

నాది కరెంటు మీటర్లు చూసే నౌకరి.
నాకు తలుపు తీయనోళ్లు లేరు.
ఇరవై ఏండ్లల ఇరవై మూడు దొరికినయి.
ఒకటి ఉర్సు కాడ టైలరు సూదుల డబ్బల,
ఒకటి కరీమాబాద్ల గోడగడియారం ఒరగకుండ పెట్టిన మడత,
ఒకటి కుక్క కొరికింది, మొఖం లేదు, పేరు సగం:
"...వర్ణ, జఫర్‌గఢ్."
నాలుగు పాషా భార్య ఇచ్చింది,
ఆయన పోయిన నలభయ్యో నాడు, నేను నోరు తెరువకముందే.
నా పెండ్లాం అడుగుతది:
"ఆ పిల్లలకు నువ్వేమైతవయ్యా?"
జవాబు దొరుకలే.
బిల్లు మిషన్ పక్కన, ప్లాస్టిక్ కవర్ల
రోజూ నాతోనే తిరుగుతరు.

పదిహేడు మాత్రం లేదు.

మొన్న శివనగర్ల, రైలు పోతే గిన్నెలు మోగే ఇల్లు.
మీటరు చీకట్ల ఉన్నది. టార్చి ఏసిన.
డబ్బ రేకు గాలికి కొట్టుకోకుండ
దోపిన అట్టముక్క. అంచున అదే నీలం.
బానోతు ద్వాలి. రైడర్. నెక్కొండ.
కూర దగ్గర మసి.

"అది నేనే" అన్నది ఎనుకనుంచి, పిండిచేతులతోని.

ఐదు వందలంటి. వెయ్యి అంటి.
తలకాయ ఊపింది, ఔనని గాదు.
కవరు ఇప్పి నా ఇరవై మూడు గచ్చు మీద పరిచిన,
కలెక్టరు ముందు అర్జీ పెట్టినట్టు.

ఆమె కూసున్నది. చేతులు తుడుచుకున్నది.
"ఇది నిర్మల. రైలుల నా బువ్వ తిన్నది.
ఇది ఫాతిమా. నా మోకాలు ఇరిచింది ఇదే, ప్రాక్టీసుల.
యాకమ్మ... యాకమ్మ ఉన్నదా సారూ?"
నాకు ఎత్తు తెలుసు, కూర తెలుసు,
ఉన్నదా లేదా తెల్వదు.

ఒక గూడ్సు పోయిందాక ఇద్దరం మాట్లాడలే.

"నీకొకటి తక్కువ" అన్నది గిన్నెలు సల్లబడ్డంక,
"నాకు ఇరవై మూడు తక్కువ.
ఎవల సెట్టు నిండాలె?"

నూట ఎనభై ఆరు రూపాయల బిల్లు చింపి ఇచ్చిన.
సంచి తేలికగుండె. అబద్ధమెందుకు,
కుక్క కొరికింది మాత్రం తీసి జేబుల పెట్టుకున్న.
అదొక్కటే ఆమె గుర్తుపట్టలే.
వచ్చే నెల తొమ్మిదో తారీకు మల్ల రీడింగు.

గడప కాడ ఆగి అడిగిన,
మసి కింద ఏ కూర రాసి ఉన్నదని.

"ఏమో సారూ. ఆనాడు పొద్దుగాల్నుంచి ఏం తినలే.
నేనైతే అన్నీ చెప్పిన.
వాళ్లే ఒక్కటి రాసుకున్నరు."