కొసరు

పర్లాకిమిడిలో మా నాన్న పుస్తెలు పోసిన కుంపటి మీద
నేను రాక్షసుల్ని పోస్తున్నాను.
మడమ నుంచి కంటిదాకా పది మిల్లీమీటర్లు.
పక్కన కందిగింజ పెడితే నడుం దాకా వస్తుంది గింజ.
భూతద్దం అదే, సూది అదే,
భయమే మారింది:
అప్పుడు గురివింద ఎత్తు బంగారం తరిగితే
ఆ పూట నాన్నకి ముద్ద దిగేది కాదు.
ఇప్పుడు తగరం చిట్లి గోడకి అంటుకుంటే
గోకి మళ్ళీ మూకుట్లో వేస్తాను.

రబ్బరు బిళ్ళని తిప్పే మోటారు
మా అత్త పాత గ్రైండరుది.
పిండి రుబ్బిన అలవాటు పోలేదు దానికి,
ఆగే ముందు ఒకసారి మూలుగుతుంది.
పౌడరు దులిపి బిళ్ళ విప్పితే
పన్నెండుమంది, కాలువల చివర వేలాడుతూ
గెలకి కాసిన వక్కల్లా.

అమ్మకం అనాది బిశోయిది.
ఒడియాలో బేరం, ఇంగ్లీషులో ఉత్తరాలు, తెలుగులో తిట్లు.
పేర్లు పెట్టేదీ వాడే:
మహేంద్రగిరి ఎలుగుల దండు,
వంశధార మొసలి రౌతులు,
చెదపుట్ట రాణి.
"పేరు లేకపోతే తగరం ముక్క, కామేశూ.
పేరుంటే నూట ఇరవై."

మొదటి ఏడు రాణులే అమ్ముడుపోయారు.
ఈటెగాళ్ళు డబ్బా అడుగున మిగిలారు.
పూణె నుంచి ఒకాయన రాశాడు, ఈటెలు వంగుతున్నాయని.
లావు చేస్తే రోకలి,
సన్నం చేస్తే తపాలా సంచిలోనే తల వంచేస్తుంది.
"వీధిలో కొట్టుకుంటుంటే తలుపు గడియ వేసే మనిషివి,
ఈటె గురించి మూడు వారాలా?"
అంది మా ఆవిడ, చారు వడ్డిస్తూ.

రాత్రిళ్ళు గచ్చు మీద సుద్దతో ఏరు గీసి
నేనూ అనాదీ పాచికలు వేసేవాళ్ళం.
ప్రతిసారీ ఎలుగులే గెలిచేవి.
గెలిచేదాన్నే అందరూ కొంటే
ఓడేదాన్ని ఎవడు కొంటాడు?
ఎలుగుల అడుగు ఒక బెత్తెడు తగ్గించాం.
ఆ పూట మొసళ్ళు మొదటిసారి ఏరు దాటాయి.

బిళ్ళ అంచున కాస్త చోటు మిగిలిపోయింది.
"తగరం ఎలాగూ అటే పారుతోంది, ఏదో ఒకటి చెక్కు."
ఏం తోచక కిటికీలోంచి చూశాను.
సోమవారం సంత.
కొండ మీది సవర గూడెం నుంచి దిగి
చోడి అంబలి అమ్ముతోంది రాహేలమ్మ.
తల మీద కుండ, చేతిలో గరిటె,
ఒక పాదం కొంచెం పక్కకి.
రెండు రాత్రులు పట్టింది.
డబ్బాకొకటి, కొసరు.

నెల తిరిగేసరికి ఉత్తరాలు.
కుండ మనిషి విడిగా దొరుకుతుందా?
నాకు ఆరుగురు కావాలి.
బెంగుళూరులో ఎవరో సొంతంగా నియమం రాసుకున్నారట,
ఆమె నిలబడ్డ చోటి నుంచి
ఏ దండూ పారిపోదని.
అనాది అప్పుడే ధరల కాగితం మీద
'అమృత దేవత' అని రాసేశాడు.
నేను కొట్టేశాను.

మళ్ళీ సంతనాడు భూతద్దం చేతికిచ్చి చూపించాను.
చాలాసేపు చూసింది. ముక్కు గురించి ఏమీ అనలేదు.
"ఎంతకమ్ముతున్నావు నన్ను?"
"పన్నెండు రూపాయలు."
"అంబలి పది."
వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది.
"నాకెంత?"
అనాది నా వైపు చూశాడు, నేను మోటారు వైపు.
బొమ్మకి మూడు రూపాయల దగ్గర తెగింది బేరం.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.
"కుండ ఖాళీదా, నిండుదా?"
పోత బొమ్మ కదా, లోపలా తగరమే అన్నాను.
"అయితే నిండుదే.
నిండు కుండ కింద మెడ అలా ఉండదు" అని
తన కుండ ఎత్తుకుని నిలబడి చూపించింది,
నేను చూశానని నమ్మకం కుదిరేదాకా.

ఆ రాత్రి మెడ మళ్ళీ చెక్కాను.
కొత్త బిళ్ళకి రెండు వేలవుతుందని
అనాది తిట్టాడు, తెలుగులో.