జీరో టికెట్టుల చుట్టిన గింజలు

ఏటూరునాగారం నుంచి పొద్దుగాల ఐదింటి బండి.
తాడ్వాయి కాడ ఎక్కిందొక ముసలామె.
జీరో టికెట్టు కొట్టి చేతిల పెడితే
ఉత్తగ తీసుకునుడు మనసుకు పట్టలేదేమో,
కొంగు ముడి ఇప్పి
ఐదు గింజలు నా అరచేతిల పోసింది.

బొటనేలి గోరంత ఉన్నయి. ఎరుపు.
ఒక్కోదాని అంచుకు
కాటుక దిద్దినట్టు నల్లటి చార.
"ఏం గింజలవ్వా?" అన్న.
ఏదో పేరు చెప్పింది. అప్పుడే
డ్రైవరు ఎడ్లబండికి హారన్ కొట్టిండు.
పేరు హారన్ కింద పడి నలిగింది,
నాకు దొరికింది చివరి ముక్క ఒక్కటే:
కాయ.
పస్రల దిగిపోయింది, ఎనుకకు చూడకుంట.

వడ్డెపల్లిల మా బంగ్ల మీద
పెయింటు డబ్బలు ఇరువై రెండు,
పగిలిన కూలరు తొట్టి ఒకటి,
డిపోల పారేసిన టైరు, రెండు ముక్కలుగ.
అండ్ల తెల్ల కాకర ఉన్నది, నల్ల టమాట ఉన్నది,
నక్కలగుట్ట కొమురెల్లి సారు ఇచ్చిన చపాట మిరప ఉన్నది —
బొద్దుగ, ఎర్రగ, చూస్తెనే నోరు మండేటట్టుంటది,
కొరికినంక కారం ఎతుక్కోవాలె.
డ్యూటీ దిగి రాత్రి తొమ్మిదింటికి
ఫోను పండ్ల నడుమ కరిచి, ఆ లైటు ఎలుగుల
నీళ్లు పోస్త.
మా ఆయిన అంటడు:
"ఇరువై రూపాల కూరగాయకు
రెండొందల మట్టి మోస్తున్నవ్."
లెక్కల తప్పేం లేదు.

ఐదు గింజలల్ల
ఒకటి కుళ్లింది. ఒకటి ఉడుత పాలైంది.
ఒకటి రెండాకులేసి, ఎవ్వరేమన్నరో, అలిగి ఒరిగింది.
ఒకటి మొలవనే లేదు,
ఆ డబ్బల ఇప్పటికీ ఇంకేం పెట్టలే.
మిగిలిన ఒక్కటి
కొత్త ఊర్ల బండి దిగిన మనిషిలెక్క
నాలుగు దినాలు అటిటు చూసి,
ఆఖరికి డిష్ గొడుగును పట్టుకున్నది.

బతుకమ్మకు వారం ముందట
టీవీల బొమ్మలు చదరాలు చదరాలుగ పగిలినయి.
మా ఆయిన కత్తెర పట్టుకొని మెట్లెక్కిండు.
పావుగంటకు దిగిండు.
"పూత పట్టింది" అన్నడు,
క్రికెట్టు ఫోన్ల చూసుకున్నడు.

పక్క బంగ్ల తబస్సుమక్క గోడ మీదికెల్లి వంగి
"మా నానమ్మ ఇంటెనుక ఉండేది గిదే" అంటది,
మరునాడొచ్చి "గిది కాదు" అంటది.
కొమురెల్లి సారు ఆకు ఇరిచి వాసన చూసిండు,
కండ్లద్దాలు తుడిచి మల్ల చూసిండు.
ముప్పై ఏండ్లు వ్యవసాయ శాఖల చేసినాయన
"తెల్వదమ్మా" అన్నడు.
అంత పెద్ద కొలువు చేసిన నోట
అంత శుభ్రమైన మాట నేనెప్పుడు ఇనలే.

కార్తీకంల కాయలు దిగినయి,
ఒక్కోటి మూరెడు.
ఉల్లిగడ్డేసి వండిన. మంచిగనే తిన్నం.
రాత్రంత ఇద్దరం వంతులేసుకొని లేచినం.
మిగిలినయి తీగకే ఎండినయి.

ములుగు బస్టాండుల బండి ఆగినప్పుడు
నా సంచిల ఎండు కాయను చూసి
ఒళ్లె నర్సింగు పుస్తకాలున్న పిల్ల ఒకతి నవ్వింది.
"ఉత్తగనే వండినరా అక్కా?
ఏడు నీళ్లు మార్చాలె దీనికి.
మా అమ్మమ్మ ఆరో నీళ్ల కాడ తానే రుచి చూస్తది,
మమ్ముల ముట్టనియ్యది."
"ఏమంటరమ్మా దీన్ని?"
"కాయ."
"అదే, ఏం కాయ?"
"కాయనే అక్కా. మేం గట్లనే అంటం."

మిషిన్ల చిరిగిన జీరో టికెట్టు ముక్కలల్ల
మూడేసి గింజలు చుట్టి పెట్టిన.
అడిగినోళ్లకిస్త. అడగనోళ్లు
కిటికీల నుంచి చెట్లను చూస్తుంటె, వాళ్లకు గూడ.

మొన్న ఆత్మకూరు కాడ స్క్వాడ్ ఎక్కింది.
క్యాష్ బ్యాగు బోర్లించిండ్రు.
చిల్లర సరిపోయింది, టికెట్లు సరిపోయినయి,
కాయితాలు ఇచ్చుకొని
పద్నాలుగు ఎర్ర గింజలు సీటు మీద దొర్లినయి.
"ఇవేంది? వీటికి లెక్కేది?"

"పదిహేనుండె సార్" అన్న,
వంగి సీట్ల కింద ఎతుక్కుంట.